నలభై రెండో లూపు

సాలిగ్రామంలో ఒక మేడ కింద గది.
ఏసీ ఆపేస్తారు, మైకు దాన్ని కూడా వింటుందని.
చెమటలో నేను, నా ముక్కుపుడక, కళ్ళజోడు.
తెర మీద పిల్లకి పద్దెనిమిది.
నాకు యాభై నాలుగు, ఎడమ మోకాలికి కట్టు.

"వార్డెన్ నిద్రపోయాక", అదీ సినిమా పేరు.
అరవంలో తీశారు, తెలుగులోకి దించుతున్నాం.
నలుగురు కుర్రాళ్ళు, ఒక నిచ్చెన, లేడీస్ హాస్టలు,
తీగ మీద ఆరేసినవి ఎవరివో చెప్పే పందెం.
కథంటే అంతే.
మాటలు రాసిన వేదాచలం గారు
ఒకప్పుడు పౌరాణికాలకి సీసపద్యాలు కట్టిన మనిషి.
కాగితం నా చేతికిస్తూ గోడ వైపు చూశాడు.
"పెదవులు కలవాలి గదమ్మా,
అక్కడ 'ప' ఉంటే మనకీ 'ప' రావాలి.
'ప'తో నాకు దొరికింది ఆ మాటే."

నలభై రెండో లూపులో నాకు నవ్వొచ్చింది.
రాసింది కాదు.
నిచ్చెన విరిగి వాడు నీళ్ళతొట్లో పడితే
తెర మీద పిల్ల వీపు తిప్పి ఉంది,
ఇక్కడ నేను ముక్కుతో గుర్రుమన్నాను,
గూడూరు బళ్ళో నన్ను బెంచీ ఎక్కించిన నవ్వు.
తనికాచలం కన్సోలు వెనక నుంచి చెయ్యెత్తాడు:
"ఉండనీ అక్కా."

శుక్రవారం విడుదల. ఆదివారం పేపర్లో పావు పేజీ.
"సభ్యత తెలిసినవాళ్ళు ఆ హాలు గుమ్మం ఎక్కకండి.
నాయిక గొంతు బూతుకి అద్దెకిచ్చినట్టుంది."
అద్దె నిజమే.
రెండు పూటలకి నాలుగు వేలు, టిఫిను వాళ్ళదే.
పేజీ మడిచి నూనె డబ్బా కింద వేశాను.
బాగా పీల్చుకుంది.

రెండో వారం నెల్లూరులో అదనంగా కుర్చీలు వేశారట.
ఆరో వారం నిర్మాత అందరికీ స్వీట్లు పంచాడు,
నా డబ్బా వాచ్‌మన్ దగ్గరే ఆగిపోయింది.
వేదాచలం గారికి ఇంకో మూడు సినిమాలు.
"మళ్ళీ 'ప'లు కావాలటమ్మా!"
ఫోన్లో నవ్వాడో, ఇంకేమన్నానో.
శుక్రవారాలు మా ఫ్లాట్లలో లలితా పారాయణం,
అందరి కంటే పైకి వినిపించేది నేనే.
ఎవరూ గుర్తుపట్టలేదు.

నిన్న వడపళనిలో పోరూరు బస్సెక్కాను.
వెనక సీట్లో ఇంజనీరింగు పిల్లలు, మనవాళ్ళే, కావలి యాస.
ఒకడు నిచ్చెన సీను చేస్తున్నాడు,
చివర్న ఆ ముక్కునవ్వు.
రావట్లేదు వెధవకి. గొంతుతో నవ్వుతున్నాడు.
మళ్ళీ చేశాడు. మళ్ళీ గొంతే.
విరుగంబాక్కం దాటింది,
ఆళ్వార్ తిరునగర్ దాటింది,
వలసరవాక్కం దగ్గర ఇక నా వల్ల కాలేదు.
ఒళ్ళో కొత్తిమీర సంచి సర్దుకుని
వెనక్కి తిరక్కుండానే
నవ్వాను.
ముక్కుతో. ఒక్కటే టేకు.

వెనక సీటు చప్పుడు చెయ్యలేదు.
కాసేపటికి సన్నగా ఎవడో:
"ఒరేయ్... ఆ ఆంటీ..."

కండక్టరు చిల్లర ఇస్తూ వంగి చూశాడు.
జలుబా అమ్మా, అన్నాడు అరవంలో.
అవునన్నాను.