మూడో రోజు స్లైడు

పైలిన్ ఆసుపత్రి వెనక గదిలో
కిటికీకి ఒక రెక్కే మిగిలింది.
రెండో దాని చోట సిమెంటు సంచి కట్టాం.
వానొస్తే అది పటపటా కొట్టుకుంటుంది,
లెక్క తప్పిస్తుంది.

నా పని లెక్క.
రెండు వందల తెల్లకణాలు దాటేలోపు
ఎన్ని ఊదా ఉంగరాలు కనపడ్డాయో రాయడం.
సన్నటి ఉంగరాలు, అంచున ఒక్కో రాయి పొదిగి.
ఈ ఊరి వాగుల్లో మా నాన్న
బురద జల్లెడ పట్టి నీలాలు వెతికాడు,
ఏడాదికి ఒకటి దొరికితే పండగ.
నాకు గంటకు వెయ్యి.

బొరిథ్ వేలు చల్లగా ఉంది.
అడవిలో దుంగలు మోసే వేలు, సూది గుచ్చినా ఉలకదు.
అతనికి ఏ కవరు వచ్చిందో నాకు తెలియదు:
పిపెరాక్విన్ జతో, మెఫ్లోక్విన్ జతో.
తెలియకూడదట,
నా కన్ను ఎటూ మొగ్గకూడదట.
కన్నిథా మాత్రం ఎదురుగా నిలబడి
మాత్ర మింగాక నోరు తెరిపించి
నాలుక కిందా చూస్తుంది.

మందులు జోడెద్దులు.
ఒకటి పొద్దున్నే దూకుడుగా లాగి
మధ్యాహ్నానికల్లా కాడి దించేస్తుంది.
రెండోది నెమ్మది, వారాల తరబడి నడుస్తుంది.
మొదటిది కుంటిందా
బరువంతా రెండోదాని మెడ మీదే.
అదీ మోకాళ్ళ మీద పడ్డాక
మూడో ఎద్దు కోసం ఏ సంతకు పోవాలో
రాజధాని నుంచి వచ్చిన డాక్టరుగారూ చెప్పలేదు.

"పోయినేడు జ్వరం ఒక్కరోజులోనే దిగింది అక్కా,"
దూది నొక్కి పట్టుకుని అన్నాడు బొరిథ్.
"మిగతా మాత్రలు గుడారంలో ఫల్లాకిచ్చాను.
వాడు వణుకుతున్నాడు. ఐదుగురు పిల్లలు వాడికి."

తప్పని చెప్పాలి. చెప్పాను.
నా గొంతు నాకే
చెక్‌పోస్టు జవాను గొంతులా వినపడింది.
సగం మందు పడిన రక్తంలో
చావక మిగిలిన ఒక్కటి చాలు,
దాని పిల్లలు చదువుకునే పుడతారు.
ఇద్దరు మనుషులు పంచుకున్న దయ
రెండు రక్తాల్లో బడి తెరిచిందని
ఏ నోటితో చెప్పను?
ఫల్లా ఇప్పుడు లావోస్‌లో, రబ్బరు తోటలోనట.
కబురు లేదు.

రెండు కవర్లలో ఏది మేలో
కాగితం వచ్చే ఏడు చెబుతుంది.
ఈలోగా ఒక వర్షాకాలం మొత్తం
మేం ఇక్కడే ఉంటాం.

మూడో రోజు స్లైడు
వెలిసిన ఆకాశంలా ఉండాలి.
నూనె బొట్టు వేసి కటకం దించాను.
సంచి కొట్టుకుంటోంది.
పదకొండు.
తప్పు చూశానేమో, మళ్ళీ మొదటి నుంచి.
పన్నెండు.

పెన్ను రాయనంది.
విదిలించి రాశాను.