ఏడో కాపీ

గిటారు అంత కిందికి ఎందుకు దిగిందని
ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు.
తత్వమేమీ లేదు.
హుబెర్ట్ దగ్గర ఒకటే జత తీగలు.
బిగిస్తే తెగుతాయి, బితోమ్‌లో కొత్తవి దొరకవు.
అందుకని వదులు చేశాడు
తడిసిన పగ్గంలా వేలాడేదాకా.
అప్పుడొచ్చింది ఆ చప్పుడు:
గనిలో పైకప్పు దిగేముందు
దుంగలు మూలిగే చప్పుడు.
కింద సూపు తాగుతున్న నాన్న
చెంచా ఆపి
తలెత్తి కప్పు వైపు చూశాడు.
వాళ్లకి వచ్చిన మొదటి సమీక్ష అదే.

పేరు 'షిహ్తా'. మా యాసలో, గనిలో దిగే వంతు.
మా అన్న అలోయిజ్ డ్రమ్ములు,
సగం డ్రమ్ములు, సగం పులిసిన క్యాబేజీ పీపాలు.
చోటు అటక మీద, తాత పావురాల గూళ్ల నడుమ.
తాత తిట్టలేదు.
పందెం పక్షి పిడుక్కి బెదరకూడదు, అలవాటు కానీ అన్నాడు.
ఆ వేసవి అన్నీ ఆలస్యంగానే ఇల్లు చేరాయి,
తప్పెవరిదో తేలలేదు.

బెర్తోల్డ్‌ది పద్దెనిమిదేళ్లకే బొగ్గు పట్టిన గొంతు.
చర్చి బృందం వద్దనుకుంటే మేం తెచ్చుకున్నాం.
పక్కనే కూర్చున్న నాకే ఒక్క మాటా అర్థమయ్యేది కాదు.
ఒకరోజు కాగితం లాక్కుని చూశాను.
పాట లేదు.
పైకి రాని తొమ్మిదిమంది పేర్లు,
పక్కన వాళ్ల దీపాల నంబర్లు.

రికార్డు చేసింది అమ్మ క్యాసెట్ మీద,
మేరీమాత కీర్తనలు చెరిపి.
అన్నీ చెరగలేదు.
పాటకీ పాటకీ మధ్య
ఎవరో ముసలావిడ సగం 'ఆమెన్' అని ఆగిపోతుంది.
అమ్మ నెల్లాళ్లు మాట్లాడలేదు మాతో.

కాపీలు తీయడం నా పని.
స్టాంపుల మీద సబ్బు పూసేదాన్ని,
తిరిగొస్తే ముద్ర కడిగి మళ్లీ అంటించొచ్చని.
కాపీకి కాపీ, దానికింకో కాపీ.
చేతులు మారిన కొద్దీ
కాస్త పాట రాలింది, కాస్త హోరు చేరింది.

తొమ్మిదేళ్లకు కొలంబియా నుంచి ఒక పొట్లం.
యెయిసన్ అట, మెదెయీన్ కొండవాలు పేటలో కుర్రాడు.
"మీ పాటల్లో వర్షం ఎలా కురిపించారు?
రెండేళ్లు తంటాలు పడ్డాం.
చివరికి రేడియోని స్టేషన్ల మధ్య వదిలేసి
దాని ముందు వాయించాం.
ఇక్కడ ఇప్పుడు అందరూ అలాగే వాయిస్తున్నారు."

మేం ఏ వర్షమూ కురిపించలేదు.
అది ఏడో కాపీ హోరు.
హుబెర్ట్ నవ్వాడు. కాసేపే.

క్యాసెట్ పెట్టాం.
ఆ హోరులో మా అటక, మా పీపాలు,
మావి కాని పేర్లు, మావి కాని నంబర్లు.
పాట ఆగింది.
ఎవరో ముసలావిడ, వాళ్ల ఊరావిడే అయ్యుంటుంది,
సగం 'ఆమెన్' అని ఆగిపోయింది.

వంటింట్లో పిండి పిసుకుతున్న అమ్మ
గుమ్మం దాకా వచ్చింది.
"మిగతా సగం కూడా అనమని రాయి ఆవిడకి."

రాశానో లేదో గుర్తులేదు.
ఆ కవరు స్టాంపుని మాత్రం నానబెట్టాను.
పాపం, సబ్బు పూయలేదు వాళ్లు.
ముద్ర పోలేదు.