అర పూట

గుంటూరు కార్పొరేషన్ నాకిచ్చిన మొదటి సర్టిఫికెట్
నేను పుట్టలేదని.
పచ్చ సిరా సంతకం, గుండ్రటి ముద్ర,
"వెతకగా సదరు జననం మా రిజిస్టర్లలో కనబడలేదు."
అది పట్టుకుని కోర్టుకెళ్లమన్నారు.
పుట్టలేదన్న కాగితం ఉంటేనే
పుట్టానని అడగడానికి వీలట.

జిరాక్సు కొట్టు పక్క బల్ల మీద
వకీలు రత్నరాజు గారు చెబుతుంటే కుర్రాడు టైపు కొట్టాడు.
పిటిషనరు: షేక్ మీరాబీ, భర్త కీ.శే. సుభానీ.
ప్రతివాది: కమిషనరు, నగరపాలక సంస్థ.
నేను పుట్టానని
ఊరి మీదే దావా వేశాను.

పుట్టినరోజులకేం, మూడున్నాయి నాకు.
బడిలో హెడ్మాస్టారు వేసింది జూలై ఒకటి,
మా క్లాసులో నలభై ఇద్దరం ఆ రోజే పుట్టాం.
ఆధార్ కుర్రాడు వేసింది జనవరి ఒకటి.
పీఎఫ్ కాగితంలో తేదీ ఇంకోటి, ఏడాదే తప్పు.
పింఛను సీట్లో అబ్బాయి కంప్యూటర్లోంచి తలెత్తకుండా అన్నాడు:
"ఈ ముగ్గుర్లో నువ్వెవరమ్మా?"

అమ్మ చెప్పేది ఒక్కటే.
"ముసురు. ఆకు మెత్తబడి గ్రేడింగు సాగలేదు.
జుమ్మా బాంగు వినపడింది, వెనకాలే నీ ఏడుపు."
ఇప్పుడు అమ్మ లేదు.
ముసురు సాక్ష్యానికి రాదు.

మార్తమ్మ వచ్చింది ఏటుకూరు నుంచి షేరాటోలో.
ఎనభై దాటిన మనిషి,
బోనెక్కించడానికి ఇద్దరం పట్టాం.
"తేదీ చెప్పగలరా?"
"తేదీలు మేస్త్రీ రాసుకునేవాడమ్మా, మాకు బేళ్లే లెక్క.
మూడో షెడ్డు. బేళ్ల సందున గోనెపట్టా మీద కన్నది లాల్‌బీ.
పురికొస కోసే కత్తి కాల్చి బొడ్డు కోసింది నేనే.
పొగాకు ధూళి కదా,
ఏడవకముందు తుమ్మింది పిల్ల."
కోర్టు హాలు నవ్వింది.
మేజిస్ట్రేటమ్మ, మా చిన్నదాని ఈడు,
నవ్వకుండా రాసుకుంది.

కంపెనీ ఎప్పుడో మూతపడింది. షెడ్లున్న చోట ఫంక్షన్ హాలు.
గుమస్తా వెంకటప్పయ్య గారి కొడుకు
అటక మీంచి దించి ఇచ్చాడు మస్టరు పుస్తకం.
ఎలకలు అంచులు తిని అంకెల్ని వదిలేశాయి.
ఎగ్జిబిట్ పి-నాలుగు.
పందొమ్మిదొందల అరవై తొమ్మిది, ఆగస్టు.
లాల్‌బీ, వరస నంబరు నూట పదిహేడు.
ఇరవై రెండో తారీకు, శుక్రవారం: అర పూట.

అంతే.
నేను భూమ్మీద పడిన సంగతి
ఈ ఊళ్లో ఎవరైనా రాసుకున్నారంటే
అది అమ్మ కూలిలో కోసిన సగం.

వకీలు గారి వేలు అక్కడే ఆగింది, ఆయనకు కావలసింది దొరికింది.
నా వేలు ఆగలేదు.
శనివారం గైర్హాజరు.
ఆదివారానికి ఎర్ర గీత.
సోమవారం గైర్హాజరు.
మంగళవారం: హాజరు.

నాలుగో రోజు.
పచ్చి ఒంటితో, ఆ ధూళిలోకి.
నన్నెక్కడ పడుకోబెట్టిందో
మార్తమ్మను అడగాలనుకున్నాను. అప్పటికే బోను దిగి,
మంచినీళ్ల సీసా మూత రాక తంటాలు పడుతోంది.

మూడు వాయిదాల తర్వాత ఆర్డరు వచ్చింది.
ఆలస్య రుసుం కట్టాను, యాభై ఆరేళ్ల ఆలస్యం.
కౌంటర్లో అమ్మాయి ఫారం నింపుతోంది.
పుట్టిన చోటు: ఆసుపత్రా, ఇల్లా?
ఇతరములు, అన్నాను.
కాన్పు నాటికి తల్లి వయసు?

తెలీదన్నాను.
"ఖాళీ వదిలితే సిస్టం తీసుకోదండీ, ఆమె పుట్టిన తేదీ ఏమైనా..."

నా వెనక లైనుంది. ఎవరో దగ్గారు.
అమ్మ పుట్టిందని ఏ కోర్టులో వెయ్యను?
అమ్మమ్మ చేనుకూలి, అక్కడ మస్టరు కూడా లేదు.

"ఇరవై వేసెయ్యమ్మా," అన్నాను,
మా హెడ్మాస్టారు లాగే.