మూడో రోజు, ఐస్ ఫ్యాక్టరీలో

మూడో రోజుకి జనం పల్చబడ్డారు.
మణికట్టుకి కట్టిన కాగితపు పట్టీ
రెండు స్నానాలకి నాని
నా పేరులో సగమే మిగిలింది.

అజామాబాద్‌లో మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ.
గోడలకి ఇంకా ఉప్పునీళ్ల చారలు.
బోర్లించిన డబ్బాల మీద కూర్చుంటే
తుప్పు ప్యాంటుకి పూసుకుంటోంది.

మధ్యాహ్నమంతా ఒకతను
ఖాళీ సిలిండర్ని ఇసుకలో దొర్లించాడు.
ఇంకొకతను పాత రేడియోలు పదకొండు పెట్టి
ఏ స్టేషనూ దొరక్కుండా జాగ్రత్తపడ్డాడు.
నాకు నిద్రొచ్చింది. నిజం చెబితే తప్పేముంది.

పక్కన అలివేలు గారు.
వీణ కచేరీ అని ఎవరో చెబితే
మొదటి రోజు పట్టుచీరలో వచ్చారట,
మానకుండా వస్తూనే ఉన్నారు.
"తాళం దొరకడంలేదు నాయనా"
అంటూనే తొడమీద వేళ్లు ముడుస్తున్నారు.

ఆఖరున నౌషీన్.
చంచల్‌గూడలో వాళ్లమ్మ తొక్కిన కుట్టుమిషన్,
దాని పొట్టకి అంటించిన నాలుగు మైకులు.
దారం ఎక్కించలేదు.
తెల్లగుడ్డ మీద ఉత్త సూది పరుగు.
స్పీకర్లలో అది
మౌలాలి యార్డులో గూడ్సు బండి,
రేకుల మీద వడగళ్లు,
ఆపైన ఏ పోలికకీ లొంగని మోత.
నా పంటి సిమెంటు కూడా వణికింది.

అప్పుడు కరెంటు పోయింది.

చీకట్లో ఆమె కాళ్లు ఆగలేదు.
తొక్కుడు మిషన్‌కి కరెంటుతో ఏం పని?
షెడ్డంత మోత
అరచేతిలో పట్టేంతయింది.
అందరం ముందుకి వంగాం.
డబ్బాలు కిర్రుమంటే మాకు మేమే సిగ్గుపడ్డాం.

జనరేటర్ యాదగిరి టార్చితో వచ్చి
గుమ్మంలో ఆగాడు.
"ఎయ్యాల్నా?" అన్నాడు గుసగుసగా.
ఎవరూ జవాబివ్వలేదు.
టార్చి ఆర్పేసి
అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

ఎంతసేపో తెలీదు.
కరెంటు వచ్చేసరికి
ఆమె గుడ్డ మడతపెడుతోంది,
మేమింకా వంగే ఉన్నాం.

గేటు దగ్గర పట్టీ తెంపి జేబులో వేసుకున్నాను.
నగరమంతా సంగీతమైపోయిందని రాయను.
ముషీరాబాద్ రోడ్డు మీద హారన్లు హారన్లే.

బస్టాపులో అలివేలు గారు అన్నారు:
"ఏడు. మిశ్రచాపు.
ఒక్కచోట మటుకు తడబడేది, విన్నావా?
దారం తెగితే వాళ్లమ్మ ఆగినట్టు."

దారమే లేదుగా, అన్నాను.

"అదే మరి" అన్నారు,
వచ్చే బస్సు నంబరు కోసం
కళ్లు చికిలిస్తూ.