ఏటయిందని

కళింగపట్నం మొగలో
వంశధార ఉప్పు రుసి సూసే కాడ
నా తెప్ప ఎక్కినాది ఆ యమ్మ,
పేడాడ ఇందుమతి.
జంతువుల సైంటిస్టట.
సంచిలో జంతువేదీ నేదు,
ఇరవైనాలుగు కాళీ సీసాలు.

"ఏటి సేత్తావమ్మా ఈ నీటితో?"
"ఏటినడుగుతాను మావా,
ఏటయిందని."
నవ్వొచ్చినాది.
పుట్టి బుద్దెరిగిన కాడ్నుంచీ ఏట్లోనే ఉన్నాను,
నాకు సెప్పని మాట
నిన్నగాక మొన్నొచ్చినదానికి సెప్తాదా?

పోటుకో సీసా, పాటుకో సీసా,
రొయ్యిల సెరువుల తూము కాడ మట్టుకు నాలుగు.
తీగొకటి నీట్లో ముంచుతాది, అంకె సూత్తాది,
సీసా సెవికానించి ఊపుతాది,
నీళ్ళాడే మనిషి కడుపు మీద
మంత్రసాని సెయ్యేసినట్టు
కళ్ళు మూసుకుని.

అసలు ఎతుకులాట నీరుకుక్కల కోసమట.
నాకు పడదు ఆ జాతి.
రేతిరంతా వలలు కొరికి
తెల్లారేసరికి ఇసక మీద దొల్లి దొల్లి ఆడతాయి,
అప్పులోడి గుమ్మంలో మేళమెట్టినట్టు.
"ఏట్లో సేప తగ్గిందంటే ఈటివల్లే" అన్నాను.
ఆ యమ్మ ఆటి పెంట పుల్లతో ఇడదీసి
ముక్కు కాడికి తెచ్చుకుని వాసన సూసినాది.
"అన్నీ పీత డిప్పలే మావా.
పండుగొప్ప ముల్లు ఒక్కటీ నేదు.
నీ సేపల్ని తిన్నోడెవడో
ఇంకా అడగాల."

కార్తీకంలో అమాస.
ఎవడో తూమెత్తేసినాడు.
నల్లనీరొచ్చి ఒంపులో నిలబడిపోనాది.
సేపలన్నీ నోళ్ళు తెరుసుకుని పైకి తేలినాయి,
ఆకరి బస్సు కోసం కాసుకున్న జనంలాగ.
ఆటెనక నీరుకుక్క.
దానెనక నా కొత్తవల.

సంటిగుంట ఏడుపే, అచ్చం.
సుడుందమ్మా అన్నాను.
కళ్ళజోడు తీసి నా సేతిలోనెట్టి
దూకేసినాది.
తెప్ప మీద నానొక్కడినే
ఆ అద్దాలు ఇరిగిపోతాయేమోనని
గుండెకి అదిమి పట్టుకుని.

వల కోసినాది. పదకొండు వేల వల.
కోసిన సేతినే కొరికినాది ఆ కుక్క.
ఇడిసినాక ఎనక్కి తిరిగి సూడనేదు.
ఎందుకు సూడాల?
"సీసా మావా, సీసా!
ఈ నీరు కదిలిపోకముందే!"
రగతం కారతన్న సెయ్యి సాపినాది.
నాను తిట్టినాను.
వల గురించి తిట్టినాను,
దూకినందుకు తిట్టడం రాక.

సికాకులం పెద్దాసుపత్రిలో ఐదు సూదులు.
వల డబ్బు మూడు దఫాలన్నాది,
రెండిచ్చినాది, మూడోది ఇంకా రానేదు.
సీసాల లెక్క కలెక్టరాఫీసులో సదివితే
తూముకి తాళమేసినారు.
నెల్లాళ్ళకి తాళం ఇరిగినాది.
మళ్ళీ సీసాలట్టుకుని వచ్చినాది.

ఎల్లిపోయే ముందు ఏటి పటం పరిసినాది.
నాకు అచ్చరం రాదు,
నా ఏలట్టుకుని గీత మీద నడిపించినాది.
"ఈ ఒంపుకి ఏ కాయితంలోనూ పేరు నేదు మావా.
ఎర్రయ్య ఒంపు అని రాసీసినాను."
"నానింకా సావనేదు కదమ్మా
పేరెట్టడానికి!"
ఇద్దరం నవ్వుకున్నాం.
ఆ రేతిరి నాకు నిద్ర పట్టనేదు.

ఇయ్యాల పొద్దున్న వలలో మూడు బెజ్జాలు.
ఇసక మీద తల్లీ, రెండు పిల్లలూ
ఒళ్ళు దులుపుకుంటన్నాయి,
నా వైపు సూసి.
తెడ్డు ఎత్తినాను.
దించీసినాను.

దోసిట్లో నీరు తీసి
సెవి దగ్గిరెట్టుకున్నాను.
ఎవడన్నా సూత్తన్నాడేమోనని
అటూ ఇటూ సూసినాను.
ఏళ్ళ సందులోంచి కారిపోతంది,
సొక్కా తడిసిపోతంది.

"ఏటే?" అన్నాను
మెల్లిగా.