మూడో పిలుపు

కబురు చెప్పింది కోర్టు ఎదుట టీకొట్టు కుర్రాడు.
"మీ జడ్జిగారు పోయారంటండి, దేవసహాయం గారు"
గ్లాసులు కడుగుతూనే అన్నాడు.
ఆయన బదిలీ అయ్యి ఇరవై రెండేళ్లు.
అయినా "మీ" అన్నాడు.

నేను రాజోలు కోర్టులో బంట్రోతుని.
గొంతే నా ఉద్యోగం.
వరండా చివర నిలబడి మూడుసార్లు పిలుస్తాను.
కాలవ అవతల బట్టలుతికేవాళ్లకి
ఎవరి వాయిదా ఎప్పుడో నా వల్లే తెలుసు.

ఆయన వచ్చిన మొదటి వారం
రాయుడుగారి పేరు వస్తే
బెంచీ దాకా వెళ్లి, వంగి, చెవిలో పిలిచాను.
మరిడమ్మ పేరు వస్తే
"ఏయ్ మరిడీ" అని గుమ్మంలోంచే కేకేశాను.
లోపల కలం ఆగింది.
"బంట్రోతుగారూ" అన్నారు.
నన్నండి. గారూ అని.
"కాగితంలో ఏముందో అదే పిలవండి. ఇద్దరికీ ఒకే గొంతు."
కాగితంలో ఉంది:
పొలమూరి మరిడమ్మ, భర్త కీర్తిశేషులు సూరన్న.
అంత పొడుగు పేరు తనదేనని నమ్మలేదేమో,
రెండోసారి పిలిచేదాకా ఆవిడ లేవలేదు.

దావా లంకభూమిది.
వశిష్ట ఒక గట్టు కోసుకుపోయి
ఇంకెక్కడో మేట వేస్తుంది,
సర్వేరాళ్లు ఇసక కింద, పట్టాలు ట్రంకుపెట్టెలో.
స్వయంగా చూస్తానని పడవెక్కారు.
రాయుడుగారి గొడుగు వద్దన్నారు.
మరిడమ్మ బొండాం కొట్టబోతే అదీ వద్దన్నారు.
బూట్లు నా చేతికిచ్చి,
పంట్లాం మోకాళ్లదాకా మడిచి,
కొలగొలుసు వెంట దొండపందిళ్ల కింద వంగి నడిచారు.
తిరుగు పడవలో ఒక్క మాట లేదు.
కాళ్లమీద ఒండ్రు ఎండి
చేపపొలుసులా పగిలింది.

తీర్పు ఆవిడకి వ్యతిరేకం.
సంతాపసభలో వకీళ్లు ఈ సంగతి ఎత్తలేదు,
పేదల పక్షపాతి అన్నారు.
కాదండి.
కాగితం రాయుడుగారి వైపుంది,
ఆయన కాగితం వైపున్నారు.
ఇంగ్లీషులో టైపైన పద్నాలుగు పేజీలూ పక్కన పెట్టి,
ఆవిడకి కుర్చీ వేయించి,
"మీరు ఓడిపోయారమ్మా. ఎందుకో చెబుతాను" అన్నారు.
ముప్పావుగంట. తెలుగులో.
ఆవిడ ఎదురడిగింది. బదులు చెప్పారు.
ఆవిడ తిట్టింది.
నేనొక అడుగు ముందుకేస్తే చేత్తో ఆపారు.
ఆఖరికి కొంగు దులుపుకుని లేచి
"తెలిసింది" అంది ఆవిడ.
ఆ మధ్యాహ్నం ఆయన క్యారేజీ విప్పలేదు.
సాయంత్రం నాకిచ్చారు. వంకాయ కూర.
తిన్నాను, అబద్ధమెందుకు.

సమాధి తవ్వుతుంటే మూడడుగులకే నీరూరింది.
మా నేలంతే, ఎక్కడ గిల్లినా గోదారే.
ఇద్దరు బొక్కెనలతో తోడుతున్నారు,
పాస్టరుగారు వాక్యం చదువుతున్నారు,
తోడేకొద్దీ ఊరుతోంది.
మనవడి మోపెడ్ మీద మరిడమ్మ దిగింది.
నువ్వెందుకొచ్చావనబోయి
నాలిక మడిచి, "మీరెందుకొచ్చారు?" అన్నాను.
"గెలిచినోళ్లెవరన్నా వచ్చారా?" అంది.
రాలేదు.
కాసేపాగి, గోతిలో నీళ్లు చూస్తూ అంది:
"నన్ను శానామంది ఓడించారు నాయనా.
ఎందుకో చెప్పింది ఈయనొక్కడే."
తడిమట్టి గుప్పెడు వేసి
చెయ్యి చీరకి తుడుచుకుంది.

మర్నాడు కోర్టులో రెండు నిమిషాలు మౌనం.
కొత్త జడ్జిగారు గడియారం చూసి కూర్చున్నారు,
ఫ్యాను తిరిగింది, ఫైళ్లు కదిలాయి.
నేను వరండా చివరికొచ్చాను.
ఎవరూ పురమాయించలేదు.
నిన్న శిలువ మీద చదివిందే, ఒక్క అక్షరం తగ్గకుండా:
"నేతల దేవసహాయం, తండ్రి నేతల యోహాను!"
కాలవ అవతల బండమీద చప్పుడాగింది.
మళ్లీ పిలిచాను.
ఈసారి గొంతు సగం దూరమే వెళ్లింది.

మూడోసారి పిలవలేదు.
మూడు పిలుపులకీ పలక్కపోతే
గైర్హాజరని రాసేస్తారు మావాళ్లు,
ఎర్రసిరాతో.