ఇరవయ్యో గీత

కాశీబుగ్గలో మా జీడి బట్టీకి
రిజిస్టరు రాసేది నేనే.
పంతొమ్మిది పేర్లు.
ఇరవై నిండితే పీఎఫ్ కట్టాలి,
అందుకే ఆ కింది గీత దగ్గర
ఆరేళ్లుగా నా కలం ఆగిపోతోంది.
ఆ గీత మీదే కూచుని
పిక్కలు కొడుతుంది ఢిల్లమ్మ.

మొన్న ఆమె తమ్ముడు దండాసి వచ్చాడు,
ఓడలకి వెల్డింగు చేసే మనిషి.
టీ తాగుతూ కార్డులు తీసి
పేకముక్కల్లా పరిచాడు.
ఇది పోలెండు: వేలు నలిగి మంచాన పడితే
జీతం ఆగలేదట.
ఇది కొరియా: వచ్చేసేటప్పుడు
లెక్కగట్టి చేతిలో పెట్టారట.
ఇది దోహా: క్యాంపు గేటు తెరవడానికి తప్ప
దేనికీ పనికిరాదట.
పలాసలో రైలు దిగాక
ఏ ముక్కా లేదు.
"సెయ్యి ఒకటే బాబూ,
దేశానికో రేటు" అని నవ్వాడు.

ఢిల్లమ్మ నవ్వలేదు.
జీడినూనె తిన్న వేళ్లకి బూడిద రాసుకుంటూ
"నాకూ ఓ కారుడు రాయించకూడదేటి?" అంది.

ఓనరు ఊళ్లో లేని పూట
మీసేవకి తీసుకెళ్లాను.
అద్దం మీద బొటనవేలు పెట్టింది.
మళ్లీ పెట్టమన్నారు.
చీరకి రుద్ది పెట్టింది.
ఉమ్మితో తడిపి పెట్టింది.
యంత్రానికి ఆమె కనబడలేదు.

ఆ వేలి గీతలు ఎటు పోయాయో నాకు తెలుసు.
పావుకిలో పొట్లాల్లో, తెల్లగా, ముక్క విరగకుండా
ఓడెక్కాయి.
తినేవాళ్ల వేళ్లకి
బీమా ఉండే ఉంటుంది.

తిరిగొచ్చి రిజిస్టరు తెరిచాను.
ఇరవయ్యో గీత
ఆమె బొటనవేలంత నున్నగా ఉంది.
తారీఖు వేశాను.
పేరు దగ్గర ఆగి
ఇంకో టీ చెప్పాను.